కార్డు ముందుకు పట్టుకో

నడిగదిలో బల్ల. బల్ల మీద మూడు పాత లెన్సులు, ఫొటోల డబ్బాలు, ఒక భూతద్దం. చెరోవైపు తండ్రీ కూతురూ.

"...అందుకే చెబుతున్నా, మొహానికైతే ఎనభై అయిదు మిల్లీమీటర్ల లెన్సే. తొంభై గట్టిది, నేను కాదనను. కానీ అది మనిషిని ఉలితో చెక్కినట్టు చూపిస్తుంది. ఎనభై అయిదులో వెలుగొచ్చే కన్నం పూర్తిగా తెరిచావనుకో, అంచులు కాస్త కరుగుతాయి, మధ్యలో మాత్రం..."

"నాన్నా."

"మధ్యలో మాత్రం చక్కగా నిలబడుతుంది. వెనకాల ఉన్నదంతా మెత్తగా పోతుంది. ఏంటి?"

"నేను లెన్సు అడగలేదు. అమ్మ ఫొటో అడిగాను."

"దాని గురించేగా చెప్తున్నా."

"పొద్దుట్నించీ దాని గురించే చెప్తున్నావు. రేపు అమ్మ కోసం అందరూ వస్తారు. ఫ్రేముల ఆయన ఏడింటికి కొట్టు కట్టేస్తాడు. ఒక్కటంటే ఒక్క ఫొటో తీసి నా చేతిలో పెట్టు, నీకు దండం పెడతా."

"కంగారుపడకే. ఇన్ని డబ్బాలున్నాయి. ఇల్లంతా మీ అమ్మ ఫొటోలే."

"నిన్న పిన్ని ఏమందో తెలుసా? ఇన్ని కెమెరాలున్న ఇంట్లో మా అక్కది గోడకి తగిలించడానికి ఒక్క బొమ్మ లేదా అంది. నాకు తల తీసేసినట్టయింది."

"మీ పిన్నికేం తెలుసు? దానికి కెమెరా ఎటు పట్టుకోవాలో తెలీదు."

"కెమెరా తెలియకపోయినా అక్క తెలుసుగా. పోనీ నా ఫోన్లోవే చూద్దామా?"

"వద్దు."

"నేనూ వద్దనే అనుకుంటున్నా. అన్నీ ఆస్పత్రి మొహాలే. అంతకు ముందువి చూస్తే ప్రతిదాంట్లోనూ అరచెయ్యి. ఫోన్ ఎత్తితే చాలు, చెయ్యి అడ్డం."

"పెళ్లి ఫొటో?"

"చెమ్మ పట్టి సగం మొహం ఊడిపోయింది. గుర్తింపు కార్డు మీదది సరేసరి."

"దాన్ని చూసి మీ అమ్మ ఏమందో గుర్తుందా? 'ఎవరండీ ఈవిడ, మన ఇంటి అడ్రసు రాయించుకుంది' అంది."

"నవ్వించకు నాన్నా. నవ్వితే ఏడుపొస్తోంది."

"సరే, సరే. రా. ఆ డబ్బా ఇలా జరుపు. అది ఎవరిది?"

"ఎవరిదంటే?"

"మూతమీద చూడు."

"పెద్ద సవతి. అయ్యో దేవుడా, ఇది అమ్మ రాత."

"ఎనభై అయిదుకి పెద్ద సవతి అని పేరు పెట్టింది. బరువుగా, వెండిలా మెరుస్తూ ఉంటుందిగా. తొంభై నల్ల సవతి. ఆ పొడుగుది, నూట ముప్పై అయిదు, వేసవి సెలవులకొచ్చిన సవతి. అదెప్పుడోగానీ బయటికి తీసేవాణ్ణి కాదు."

"ఆదివారం వస్తే నాకింక మొగుడు లేడు అనేది."

"ఊరికే అనేది. కోపంతో అన్నది కాదు."

"నాకు తెలుసు. కోపమొస్తే కుట్టుమిషను తొక్కేది. ఇల్లదిరిపోయేది."

"ఇదిగో, ఇది చూడు. బాగుంది కదా. కిటికీ పక్క కుర్చీలో. ఆ ఆకుపచ్చ చీరలో."

"బాగుంది. చేతిలో కార్డు."

"కార్డు ఉంటుందిగా మరి. ఏ లెన్సు, ఎంత తెరిచాను, అది రాసిన కార్డు పట్టుకోకపోతే రేపు ఏది ఏదో ఎలా తెలుస్తుంది? ఒకే కుర్చీ, ఒకే మనిషి, ఒకే వెలుగు, లెన్సు ఒక్కటే మారాలి. అప్పుడే పోల్చి చూడటానికి వీలవుతుంది."

"స్టేషన్లో దొంగకి పలక పట్టించి తీస్తారే, అలా ఉంది."

"మీ అమ్మా అదే అనేది. 'ఏం దొంగిలించానో అదైనా చెప్పండి' అనేది."

"ఇది కూడా కార్డే. ఇదీ కార్డే. ఇదీ. నాన్నా, కార్డు లేనిది ఒక్కటీ లేదా?"

"కోసేద్దాం. అదెంత పని? కార్డు ఎదురురొమ్ము దగ్గర ఉంది. పైన మెడ దాకా కోసి, మొహం మాత్రం పెద్దది చెయ్యమంటే సరి. నెగటివ్ కవరు వెనకే ఉంది, ఫ్రేముల ఆయనకి నెగటివ్ ఇచ్చెయ్."

"మరి ఆ మాట పొద్దున్నే చెప్పొచ్చుగా. భూతద్దం ఇటివ్వు."

"ఇందా. వెలుగుకి పట్టుకో."

"ఉండు, చూస్తున్నా."

"ఏం?"

"ఇది కొంచెం... మసగ్గా ఉంది."

"చెప్పానుగా, పూర్తిగా తెరిస్తే పెద్దది కాస్త మెత్తగా ఉంటుంది. దాని స్వభావం అది. అదే డబ్బాలో కన్నం నాలుగుకి మూసి తీసినది ఉంటుంది చూడు. నాలుగుకొచ్చేసరికి కత్తిలా అయిపోతుంది."

"నాలుగు... ఇదిగో. ఇదీ మసకే."

"కదిలుంటుంది. మీ అమ్మ ఒక్క క్షణం కుదురుగా కూర్చునేదా? పాలు పొంగుతున్నాయనో, ఎవరో పిలిచారనో... నల్లదాని డబ్బా తియ్. తొంభైలో అబద్ధం ఉండదు."

"తొంభై. నాలుగు. మసక."

"ఇటివ్వు. నీకు చూడ్డం రాదు."

"చూడు మరి."

"ఇదేంటి, బ్రహ్మాండంగా ఉంటేనూ! ఇదిగో, ఇక్కడ చూడు. అక్షరం అంచు చూడు. ఇంకు కాగితంలోకి ఎలా పీల్చుకుందో కూడా తెలుస్తోంది. ఈ లెన్సుని మించింది లేదని ఎందుకంటానంటే..."

"నాన్నా, అది కార్డు."

"ఆఁ. కార్డే."

"అమ్మ మొహం చూడు."

"ఆగు, భూతద్దం తుడవనీ."

"చూశావా?"

"లోపల గాజుకి కొంచెం పొగ పట్టింది ఆ రోజుల్లో. తర్వాత విప్పి తుడిచాను. అందువల్లేమో."

"గాజుకి పొగ పడితే మొహం ఒక్కదానికే పడుతుందా? కార్డుకి పట్టదా?"

"నువ్వు మరీ ఫ్యాక్టరీలో నా పైవాడిలా మాట్లాడకు. ఇంకా ఉన్నాయి. పొడుగుదాని డబ్బా చూడు."

"చూస్తున్నా... ఇది మసక. ఇది మసక. ఇది మరీనూ. ఆగు, ఫోన్ మోగుతోంది. హలో. ఆఁ, చెప్పండి. లేదండీ, ఇంకా తేలలేదు. అదే సైజు, మీరు చెప్పిందే. నల్ల అంచు వద్దు, మామూలు చెక్కది చాలు. తెస్తామండీ. లేదు లేదు, వేరే ఎవరి ఫొటో కాదు, అమ్మదే. ఉన్నాయండీ, చాలా ఉన్నాయి. అందుకే ఆలస్యం. కాస్త ఉండండి కొట్లో, మీకు పుణ్యముంటుంది."

"ఏమన్నాడు?"

"ఒక్క ఫొటోకి ఇంత సేపా అన్నాడు."

"వాడికేం తెలుసు."

"నాన్నా, ఇటు చూడు. ఈ వేలు చూడు. కార్డు పట్టుకున్న వేలు."

"వేలేంటి?"

"భూతద్దం పెట్టి చూడు. సూది గుచ్చుకోకుండా పెట్టుకునే ఇత్తడి టోపీ. దాని మీద గుంటలు కూడా లెక్కపెట్టొచ్చు. పనిలోంచి లేపుకొచ్చినట్టున్నావు, తియ్యడం కూడా మర్చిపోయింది."

"యూనిఫారాలు కుట్టే రోజులు. బడి తెరిచే ముందు ఊపిరాడేది కాదు తనకి."

"అయినా వచ్చి కూర్చుంది. ఇది చూడు, చూపుడు వేలికి కట్టు. నాకు జ్వరమొస్తే కొత్త గౌను కావాలని మొండికేశాను. రాత్రంతా కుడుతూ సూది దించుకుంది, గోరు నల్లబడిపోయింది. ఎంత బాగా కనిపిస్తోందో. ఇక్కడ ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ. ఇక్కడ సుద్ద. గుడ్డ మీద గీసే నీలం సుద్ద, గోటి సందులో."

"నల్లది కదా. నల్లది వివరం వదలదు."

"ఇదెప్పటిది?"

"ఏది?"

"ఉంగరానికి దారం చుట్టుకుంది."

"దారమా?"

"వెనక వైపు. జారిపోకుండా. వేలు సన్నబడితే చుట్టుకుంటారు."

"ఇటివ్వు."

"ఎప్పటిది నాన్నా?"

"ఆస్పత్రికి... ముందు. చాలా ముందు. నల్లది విప్పి తుడిచాక, బాగైందో లేదో చూద్దామని తీశాను."

"అప్పటికే చిక్కిపోయిందన్నమాట. మనకి చెప్పలేదు."

"నేను ఇది చూశాను. ఈ ఫొటో నేను ఎంతసేపు చూశానో తెలుసా? భూతద్దం పెట్టి సాయంత్రమంతా చూశాను. పొగ పోయింది, లెన్సు బాగుపడింది అని పొంగిపోయి మీ అమ్మకి చెప్పాను."

"ఏమంది?"

"'పోన్లెండి, ఎవరో ఒకరు బాగుపడ్డారు' అంది. ఏడవకే. నువ్వు ఏడిస్తే నాకు చేతకాదు."

"ఒక్క మాట చెప్పు. నువ్వు ఫోకస్ ఎక్కడ పెట్టేవాడివి?"

"ఫోకస్ అంటే... ఈ కెమెరాలో వేరేగా ఉంటుంది. నీకు తెలుసుగా."

"తెలుసు. చిన్నప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని నేర్పావు. లెన్సులోంచి చూడం, పక్కనున్న చిన్న కిటికీలోంచి చూస్తాం. మధ్యలో పసుపు చుక్క. చుక్కలో అన్నీ రెండేసి కనబడతాయి. లెన్సు తిప్పుతూ పోతే ఆ రెండూ దగ్గరికొచ్చి ఒకటవుతాయి. ఒకటయ్యాయంటే దూరం కుదిరినట్టు, నొక్కెయ్యడమే. అంతేనా?"

"అంతే. బాగా గుర్తుపెట్టుకున్నావు."

"ఆ చుక్క ఎక్కడ పెట్టేవాడివి?"

"ఎక్కడేముంది..."

"నీళ్లు నమలకు. అమ్మ కంటి మీద పెట్టేవాడివా?"

"కంటి మీద పెడితే కుదిరి చస్తుందా? రెప్పలు ఆడించేది. మొహంలో గీతలుండవమ్మా. చెంపలో ఏం గీత ఉంటుంది, నుదుట్లో ఏం గీత ఉంటుంది, రెండు బొమ్మలు కలిశాయో లేదో తేల్చుకోడానికి? అదే అక్షరమైతే నల్లగా, నిలువుగా, నిటారుగా ఉంటుంది. టక్కున తెలుస్తుంది."

"కార్డు మీద పెట్టేవాడివి."

"కార్డు మీద."

"ప్రతిసారీ."

"పోల్చాలంటే ఒకే చోట పెట్టాలిగా! ఒకసారి కంటి మీదా ఒకసారి కార్డు మీదా పెడితే అదేం పరీక్ష?"

"'కార్డు ముందుకు పట్టుకో, నీడ పడుతోంది.' ఈ మాట నాకు ఇంకా చెవుల్లోనే ఉంది. ఆ గదిలో నేను హోంవర్కు రాసుకుంటుంటే వినబడేది. ముందుకు పట్టుకో, ఇంకొంచెం ముందుకు. అమ్మ చేతులు చాపి కూర్చునేది. ఆ కార్డుకీ అమ్మ మొహానికీ ఎంత దూరం?"

"జానెడు. జానెడు పైన."

"జానెడుకే మసకైపోతుందా?"

"దగ్గరనుంచి తీస్తే, అందులో ఇలాంటి లెన్సుతో తీస్తే, జానెడంటే ఎక్కువే. ఎనిమిదికి మూసినా అందదు."

"ఇది నీకు తెలుసు."

"తెలుసు. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

"మరి?"

"నేను మొహం చూడలేదే. పరీక్ష ఫొటోలో మొహం ఎవరు చూస్తారు? మొహం కోసం తీసినవి కావవి. అది తర్వాత తీద్దామనుకున్నా. ముందు ఏ లెన్సు మంచిదో తేలనీ, తేలాక ఒక రోజు నిన్ను తీరిగ్గా కూర్చోబెట్టి తీస్తాను, కార్డూ గీర్డూ ఏమీ ఉండవు అన్నాను. అంటూనే ఉన్నాను."

"అమ్మ అడిగేదా?"

"మొదట్లో అడిగేది. 'తేలిందా అండీ?' అని. పెద్దది కొన్నప్పుడు అడిగింది. నల్లది వచ్చాక కూడా అడిగింది. తర్వాత్తర్వాత కుర్చీ తనే తెచ్చి కిటికీ దగ్గర వేసుకుని, చెయ్యి చాపి కార్డు ఇమ్మనేది. అంతే."

"ఈ డబ్బాల నిండా అమ్మ చేతులున్నాయి నాన్నా. ఒక్కో గీతా, ఒక్కో గాయం ఉన్నాయి. మొహం లేదు. రేపు పిన్ని వస్తే చేతులు తగిలిద్దామా గోడకి?"

"అనవే. ఎంత అనాలనుంటే అంత అను."

"అని ఏం చెయ్యను? నువ్వు మాత్రం కావాలని చేశావా? అమ్మ మొహం ఎలా ఉండేదో మర్చిపోతానేమోనని భయంగా ఉంది నాకు. ఇప్పటికే కళ్లు మూసుకుంటే ఆస్పత్రి మంచమే వస్తోంది."

"నాకూ అంతే."

"మంచినీళ్లు తాగుతావా?"

"వద్దు. ఆ డబ్బాలు మూసెయ్. ఫ్రేమాయనకి ఫోన్ చేసి..."

"ఆగు. అడుగున ఇదేంటి? దారం కట్టిన కవరు. మీద ఇంత లావు ఇంటూ గుర్తు."

"అది వదిలెయ్. అది పనికిరాని లెన్సుతో తీసింది."

"ఇంకో లెన్సు కూడా ఉందా?"

"ఉండేది. ఒక్క రోలు తీసి పక్కన పడేశాను. కార్డు మీద ఒక్క అక్షరం తెలీదు, అలికేసినట్టుంటుంది. నువ్వు చూసి మళ్లీ తిట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు."

"తిట్టనులే. దారం ఊడటం లేదు. అమ్మ ముడి వేసిందా?"

"నేనే వేశాను. పళ్లతో కొరక్కు, కత్తెర తీసుకో."

"ఊడింది. ఇదిగో... అవును. కార్డు అలికేసినట్టే ఉంది."

"చెప్పానుగా."

"నాన్నా."

"మూసెయ్యి ఇంక."

"నాన్నా, ఇటు రా. అమ్మ ఉంది."

"ఏంటి?"

"అమ్మ ఉంది ఇందులో. కార్డు మసక, చేతులు మసక, అమ్మ మాత్రం ఉంది. కనుబొమ పక్కన పుట్టుమచ్చ చూడు. చెవి దగ్గర ఒక్క తెల్ల వెంట్రుక. కళ్లల్లో కిటికీ వెలుగు. భుజం మీద దారం ముక్క కూడా ఉంది. చూడు! నవ్వుతోంది. పెదవి లోపలికి నొక్కిపెట్టి, అచ్చం అమ్మలాగే..."

"ఏదీ. వెలుగుకి పట్టు."

"కనబడుతోందా?"

"వెనక్కి పోయింది."

"ఏంటి?"

"ఆ లెన్సు ఈ కెమెరాకి చేసింది కాదు. దీని పోలికే ఉన్న ఇంకో కెమెరాకి చేసింది. మర సరిపోతుంది, చక్కగా బిగుసుకుంటుంది, చూస్తే తేడా తెలీదు. దూరం నుంచి తీసినా తెలీదు. దగ్గరికొచ్చేసరికి లెక్క తప్పుతుంది. నేను కార్డు మీద కుదిర్చితే అది జానెడు వెనక్కి పోయి కుదురుకుంది. సరిగ్గా జానెడు."

"అమ్మ మొహం మీద."

"మొహం మీద. నేను కార్డు చూశాను, పాడైన లెన్సు అన్నాను, కట్టేసి ఇంటూ పెట్టాను."

"ఆ లెన్సు ఏది?"

"ఈ బల్ల మీద లేదు."

"అమ్మేశావా?"

"లేదే. ఇంట్లోనే ఉంది. మీ అమ్మ మిషను బల్ల మీద."

"అక్కడేం లెన్సు ఉంది? అక్కడ కత్తెర, టేపు, ఆ గుండ్రటి బరువు... ఓరి దేవుడా. ఆ బరువా? గుడ్డ కదలకుండా పెట్టుకునేది. నేను పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ అది తూనికరాయి అనుకున్నా!"

"లెన్సే. రెండు వైపులా మూతలు పెట్టి, గుడ్డతో చిన్న సంచి కుట్టి వేసింది. అందుకే నీకు తెలీలేదు."

"పనికిరాదన్నావుగా, అందుకని ఇలా పనికి పెట్టుకుందన్నమాట. నువ్వెక్కడ కొన్నావు దాన్ని?"

"నేను కొనలేదు."

"మరి?"

"మీ అమ్మ కొంది. యూనిఫారాల డబ్బు కూడబెట్టి. పాత సామాన్ల కొట్లో చూసి, ఇలాంటివే మా ఆయన కెమెరాకి బిగిస్తారు, ఇది సరిపోతుందా అని అడిగిందట. వాడు బిగుస్తుంది అన్నాడు. బిగిసింది, ఆ మాట నిజమే. చీర కొంగులో చుట్టుకుని తెచ్చింది. 'నాలుగో సవతిని నేనే తెచ్చిపెట్టాను, ఇంక తేల్చండి' అంది."

"నువ్వేమన్నావు?"

"వెంటనే పరీక్షిద్దాం, కూర్చో అన్నాను."

"ఆ రోజు ఫొటో ఇది. అందుకే ఆ నవ్వు."

"అందుకే అయ్యుంటుంది."

"ఇదిచ్చేద్దాం నాన్నా. ఇంతకంటే ఏం కావాలి? నెగటివ్ ఉందా వెనక? ఉంది. హమ్మయ్య. పిన్నిని రమ్మను ఇప్పుడు. ఇంకోటి కూడా ఉందే కవర్లో... ఇది కూడా మొహం స్పష్టంగానే ఉంది. కానీ ఇందులో నవ్వట్లేదు."

"ఆఁ."

"ఎటో చూస్తోంది. ఒక్క నిమిషంలో మొహం ఎలా మారిపోయిందో. మధ్యలో ఏమయింది?"

"ఏమవుతుంది, ఏమీ కాలేదు. మొదటిదే ఇచ్చెయ్. పద, ఆలస్యమవుతోంది."

"కార్డు కూడా మారింది. రెండోదాంట్లో ఒకటే అంకె, లావుగా. మసగ్గా ఉన్నా నాలుగు అని తెలుస్తోంది. మొదటిదాంట్లో అంకె కాదే. వరుసలున్నాయి. సన్నగా, బూడిదరంగు చారల్లా. ఒకటి, రెండు, మూడు... నాలుగు వరుసలు. లెన్సు పేరు రాయడానికి నాలుగు వరుసలెందుకు?"

"కార్డు నేను రాస్తానని తీసుకుంది ఆ రోజు."

"అమ్మా?"

"ఎప్పుడూ నేనే రాసేవాణ్ణి. ఆ రోజు మాత్రం ఈసారి నేను రాస్తాలెండి అని, వంటింట్లోకెళ్లి రాసుకొచ్చింది. వచ్చి కూర్చుని, నేను చెప్పకుండానే ముందుకు పట్టుకుంది."

"ఏం రాసింది?"

"ఈ మసకలో ఏం తెలుస్తుంది."

"ఫొటోలో తెలీదు సరే. నీ ఎదురుగా పట్టుకుందిగా. నీ చుక్క దాని మీదే ఉందిగా."

"చుక్క ఉంది."

"ఆ కార్డయినా ఉందా?"

"దాని వెనకే అంకె వేయించాను. పనయ్యాక చింపేశాను. కార్డులు దాచేవాణ్ణి కాదు. ఫొటో వచ్చాక కార్డుతో పనేముంది?"

"సరే. సరేలే. కూర్చో. నువ్వు రావద్దు, నేనే వెళ్లొస్తా. ఫ్రేమాయనకి ఏం చెప్పను? మెడ దాకా కోసెయ్యమననా, కార్డు లేకుండా?"

"వద్దు."

"మసక కార్డు అడ్డంగా ఉంటుంది నాన్నా, చూసేవాళ్లకి."

"ఉండనీ. కొయ్యొద్దు. ఎంతుంటే అంతా ఉండనీ."

"రేపు పిన్ని మొట్టమొదట అదే అడుగుతుంది. అక్క చేతిలో అదేంటి, ఏం రాసుంది అని. ఏం చెప్పను?"

"మీ బావ చదవలేదని చెప్పు. ఒకటి తీశాక, అక్షరాలు మరీ సన్నగా ఉన్నాయి, గీత సరిగ్గా కుదరట్లేదు, కార్డు వెనక్కి తిప్పి లావుగా ఒక్క అంకె రాసి పట్టుకో అన్నాడని చెప్పు."